పచ్చ గుట్ట

నల్లకుంటల మెట్ల కింద నా డీటీపీ దుకాణం.
కూసుంటె మోకాళ్లకు ప్రింటర్ తగులుతది.
కిటికీ లేదు. విండోస్ ఉన్నది.
తెర మీద పచ్చ గుట్ట, మీద నీలం ఆకాశం,
నాలుగు తెల్ల మబ్బులు.
పద్దెనిమిదేండ్లు చూసిన.
అది ఏ ఊరి గుట్టనో ఎవ్వల్నీ అడగలే.

మొన్న వానకు కరెంటు మూడుసార్లు పోయొచ్చింది.
పొద్దున గుట్ట లేదు.
నల్ల తెర మీద తెల్లటి రాత,
బ్యాంకు నోటీసు లెక్క.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మునవ్వర్ వచ్చిండు.
డబ్బా మూత ఇప్పిండు, దుమ్ము ఊదిండు, తుమ్మిండు.
"దీనికి మందు లేదాంటీ.
కంపెనోళ్లే చేతులెత్తి ఏండ్లయింది.
లైనెక్స్ ఎక్కిస్త. ఫ్రీ."
ఫ్రీ అనంగనే నాకు అనుమానం.
"ఎవలు చేసిండ్రు?"
"అందరు."
"అందరంటె?"
"ఎవలకు చేతనైనంత వాళ్లు."
బోనాలకు బస్తీల చందా లెక్కనా అంటె
నవ్విండు. ఔననలే, కాదనలే.

గంటన్నర.
పెన్‌డ్రైవ్ ఎర్రగ కన్ను కొడుతనే ఉన్నది,
నేను రెండుసార్లు చాయ్ తెప్పించిన.
లేచింది కొత్తది. ఊదారంగు. చదునుగ.

చెయ్యి ఎడమ దిక్కు కింది మూలకు పోయింది.
ఆడ ఏం లేదు.
మళ్ల పోయింది.
అంబర్‌పేట నుంచి కిరాయిల్లు మారిన కొత్తల
అర్ధరాత్రి నీళ్లకు లేచి గోడ తడిమితె
స్విచ్ ఉండాల్సిన కాడ
చేతికి సున్నం అంటినట్టు.

పాత ఫైళ్లు తెరిచిండు.
ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని గృహప్రవేశాలు,
ఎన్ని పదో దినాలు!
ఒక్క తెలుగక్షరం లేదు.
డాలర్ గుర్తులు, కొక్కేలు,
టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు.
"ఇది తెలుగే కాదాంటీ,
ఇంగ్లీషుకు తెలుగు ఏషం కట్టిండ్రు.
ఫాంటు లేదు, ఏషం ఊడింది."
నేనేమో ఇన్నేండ్లు
తెలుగే కొడుతున్న అనుకున్న.

మార్చే ప్రోగ్రాం ఒకటి ఏసి పోయిండు.
అది అక్షరాలు తెచ్చింది గని
ఒత్తులు రాల్చింది, బియ్యంల రాళ్లు ఏరినట్టు.
ఎల్లమ్మ ఎలమ.
అప్పయ్య అపయ.
వరుసగ తెరుస్తుంటె
కీర్తిశేషులు లచన.

లచ్చన్న. మా ఆయన.
ఆ కార్డు ఎవ్వల్నీ ముట్టనియ్యలే నేను.
తొమ్మిదో రాత్రి దాక కూసోని కొట్టిన,
తప్పు పోవద్దని మూడుసార్లు చదివిన.
పద్నాలుగో తారీకు, గురువారం,
భోజనాలు మధ్యాహ్నం పన్నెండున్నరకు.

ఒక్కొక్క ఒత్తు ఎతికి పెడుతున్న.
ఏళ్లేమో పాత అచ్చుల కాడికే ఉరుకుతున్నయి,
చ కొడితె ఇంకేదో పడుతున్నది.
గంట ఎంతైందోనని పైన గడియారం మీద నొక్కితె
క్యాలెండర్ దిగింది.
ఊకెనే ఎనకకు తిప్పిన. నెల నెల. పన్నెండేండ్లు.

పద్నాలుగు. శుక్రవారం.

రెండొందల కార్డులు పంచినం.
బాలానగర్ కంపెనీల ఆయనతోటి పనిజేసినోళ్లు
లీవు పెట్టుకోని శుక్రవారమే వచ్చిండ్రు.
వడ్డించినోళ్లు, వండినోళ్లు శుక్రవారమే వచ్చిండ్రు.
చేతుల కార్డు ఉన్నది, కార్డు మీద గురువారం ఉన్నది,
ఒక్కలు నాకు చెప్పలే.
అక్షరాలు దిద్దుడే నా బతుకని తెలిసి గూడ,
తెలిసే గావచ్చు.

చ కు ఒత్తు పెట్టిన. న కు ఒత్తు పెట్టిన.
గురువారం మార్చలే.

సాయంత్రం మునవ్వర్ ఫోను.
"గా గుట్ట ఫోటో దొరికిందాంటీ, పెట్టమంటవా?
యాడిదో గూడ రాసున్నది."
చెప్పకు అన్న.

గల్ల గురిగి అంత పిల్ల ఒకతి వచ్చి నిలబడ్డది,
ట్యూషన్ సెంటర్ పాంప్లెట్, అర్జెంటట.
కూసోమన్న.
చెయ్యి మళ్ల ఎడమ మూలకు పోయింది.
పోనీ.