మొద్దుముక్కు తూటా

నలభై ఏళ్ళుగా ఇదే బల్ల, ఇదే గల్లాపెట్టె.
మేకులు, గొడ్డళ్ళు, దుంపల గోతాలు కుట్టే దారం,
వెనక గోడకి తుపాకులు.
నది అవతల కెనడా, ఇవతల నా కిటికీ.
మెయిన్ రాష్ట్రం ఇక్కడితో అయిపోతుంది.

తొలి నూగుమంచు పడ్డ తెల్లారి
అల్ఫేనా డేగ్ల్ వచ్చింది, చేతిలో పర్మిట్.
పందొమ్మిదేళ్ళు లాటరీలో పేరు వేస్తే
ఈ ఏడు తగిలింది, ఒక్క మూస్.
"ఒవీలా, లివర్ తుపాకీ చూపించు.
నాది ఎడమచేతి వాటం.
బోల్టు కోసం ప్రతిసారీ గొట్టం మీంచి చెయ్యి చాపాలి,
పొరుగువాళ్ళ కంచం మీంచి ఉప్పు అందుకున్నట్టు.
లివర్‌కి కుడీ ఎడమా పట్టింపు లేదు."

ముందు ఫార్టీఫైవ్-సెవెంటీ దింపాను.
తూటా నా బొటనవేలంత.
"కొండకైనా మర్యాద నేర్పుతుంది" అన్నాను.
అది కొట్టువాడి మాట.
భుజానికి ఆనించి చూసి, మెల్లిగా కింద పెట్టింది.
పద్నాలుగో ఏట దుంపల పీపా ఎత్తబోయి
జారిన భుజం అది.
"మూస్ సంగతి తర్వాత, ముందు నేను పోతాను."

త్రీ-నాట్-ఎయిట్ తీశాను.
అడుగున పెట్టె, పెట్టెలో సూదిముక్కు తూటాలు.
"మూడొందల గజాలు, చెక్కు చెదరదు."
కిటికీలోంచి నది వైపు చూసింది.
"అంత దూరాన ఉన్నది నాకు జంతువులా కనబడదు,
చుక్కలా కనబడుతుంది.
చుక్క మీద నాకేం పగ?"

"ఇంట్లో మా మేనత్త థర్టీ-థర్టీ ఉంది.
దుప్పికి సరిపోయేది. దీనికి?"
సరిపోతుందనేవాళ్ళు ఉన్నారు.
సరిపోక, లాంతరు పట్టుకుని
రాత్రంతా ఆకుల మీద నెత్తురు వెతికినవాళ్ళూ ఉన్నారు.
ఇది చెబుతూ సొరుగు ఎందుకు మూశానో
ఆవిడ అడగలేదు.

నా ఇరవైమూడో ఏట, చిత్తడి అవతలి ఒడ్డున,
చేతిలో ఊళ్ళోకెల్లా పెద్ద తుపాకీ.
చాలా దూరం. అయినా పేల్చాను.
రెండు రోజులు వెతికాను.
మూడో రోజు కొట్టు తెరిచాను.

మూలన ఉన్నది తనే చూసింది.
పాత థర్టీఫైవ్, పగిలిన మడమకి ఇత్తడి మేకు.
గొట్టంలో తూటాలు వరసగా,
ఒకదాని వీపుకి ఇంకోదాని ముక్కు ఆని ఉంటాయి.
అందుకే ముక్కులు మొద్దుగా చేస్తారు.
సూదిముక్కయితే వెనకది ముందుదాన్ని పొడుస్తుంది,
చేతుల్లోనే పేలుతుంది.
"మా అన్నదమ్ముల్ని కూడా
అలా చేసి ఉండాల్సింది దేవుడు" అంది.

"దీనికి తూటాలు దొరకడం కష్టం, అల్ఫేనా."
"రెండు పెట్టెలున్నాయా?
ఒకటి నేర్చుకోడానికి.
రెండోదాంట్లో ఒక్కటి."
"ఎనభై గజాలు దాటితే నమ్మకు."
"దాటను. నడుస్తాను."

ఆ నెలంతా సాయంత్రాలు కంకర గొయ్యి వైపు నుంచి చప్పుడు.
రోజుకి మూడు, ఎప్పుడూ మూడే.
గల్లా లెక్క ఆపి అవి లెక్కపెట్టేవాణ్ణి.

అక్టోబరులో ఆవిడ వారం వచ్చింది.
సోమవారం వాన.
బుధవారం ఒక మగది కనబడిందట,
గాలి తిరిగిందట, వెళ్ళిపోయిందట.
శుక్రవారం దాకా అడవి నోరు విప్పలేదు.
శనివారం పొద్దు వాలుతుంటే ఒక్కటి వినబడింది.
రెండోదాని కోసం చెవులు రిక్కించాను.
నా రోజున రెండోదీ ఉంది, మూడోదీ, నాలుగోదీ.
చీకటి పడింది. ఇంకేం రాలేదు.
దీపం వెలిగించడం మర్చిపోయాను.

సోమవారం బల్ల మీద
పాత పేపర్లో చుట్టిన మాంసం పెట్టింది, బరువుగా.
"ముప్ఫై ఒక్క అడుగులు" అంది.
"నన్ను చూసింది కూడా."

అప్పుడు చెప్పాను, చిత్తడి సంగతి.
నలభై మూడేళ్ళలో మొదటిసారి.
ఆవిడ అయ్యో అనలేదు, ఫరవాలేదనీ అనలేదు.
గేటు బందుకి అంగుళంన్నర మరలు ఆరు అడిగింది.
ఏడు ఇచ్చాను.
ఒకటి వెనక్కి పెట్టి వెళ్ళింది.