గుర్తు కింద గీత

మార్చింది ఒక్క గుర్తే.
'కంటే తక్కువ' అని ఉన్నచోట
కింద చిన్న గీత చేర్చాను,
'తక్కువ లేదా సమానం' అయింది.
వేలికి బరువు కూడా తెలియలేదు.

పైనుంచి ఫోన్:
ఒక గీతకి పదకొండు రోజులా, నలుగురు మనుషులా?
ఈ ఖర్చు ఏమని రాయను?

గోటితో పోయేదే, నిజం.
గోరు ఎక్కడ ఆనించాలో తెలిసేసరికే
హల్‌లో నవంబరు సగం కరిగిపోయింది.
హంబర్ మీంచి గాలి కిటికీ సందుల్లో ఈల వేస్తుంటే
పంతొమ్మిదేళ్ల కోడ్‌ని విప్పుతూ కూర్చున్నాం,
పాత పట్టురవిక కుట్లు విప్పినట్టు,
గుడ్డ చిరగకుండా, ఊపిరి బిగబట్టి.

రాసిన డెరిక్ ఓల్డ్‌రాయిడ్
ఇప్పుడు హార్న్‌సీలో పావురాలు పెంచుతున్నాడు.
గంటంబావు బస్సు.
టీ పోసి, కాగితాలు తిరగేసి
"నేనేనా రాసింది?" అన్నాడు.
ఏ పావురం ఎన్నింటికి గూటికి చేరుతుందో చెప్పాడు,
ఏ వరుస ఎందుకు రాశాడో మాత్రం
చెప్పలేకపోయాడు.

గీత పెట్టగానే
ఇంకో మూడుచోట్ల లెక్కలు తలకిందులయ్యాయి.
ఆ తప్పుని నమ్ముకుని
ఎవరెవరో ఎప్పుడెప్పుడో ఒప్పులు కట్టుకున్నారు.
యోలాంటా తల పట్టుకుంది.
మళ్లీ పరీక్షలు, మళ్లీ రాత్రి,
చల్లారిన చిప్స్, వెనిగర్ వాసన.

నెల ఆఖరి రోజున మీటరు చూసిన ఇళ్లకి
నీళ్లు రెండుసార్లు లెక్కకొచ్చేవి.
హెసిల్ రోడ్డులో ఈనిడ్ క్లబ్లీ గారికి
ఎనిమిది వందల పౌండ్ల బిల్లు వెళ్లింది.
ఆవిడ ఫోన్ చేసి తిట్టలేదు.
తానే ఎక్కడో కొళాయి కట్టడం మరిచానేమో అనుకుని
మూడు వారాలు
చెంబెడు నీళ్లతో ఒళ్లు తుడుచుకుంది.

నివేదికలో రాయనిది ఒకటుంది.
పదకొండో రోజు ఆ వరుస దొరికినప్పుడు
దాని పక్కనే, మూడేళ్ల కిందటి తేదీతో,
ఒక మాట:
'ఇది తేడాగా ఉంది. తర్వాత చూడాలి.'
కింద పేరు నాదే.
శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర.
కోటు తొడుక్కుంటూ రాసి ఉంటాను.

మళ్లీ ఫోన్. ఏమని రాయమంటావు?

అసలు ఐదు నిమిషాలు, అన్నాను.
మిగతాది వడ్డీ.
క్లబ్లీ గారి మూడు వారాలు
ఎందులో కలపాలో
నాకూ తెలియలేదు.