రెండు వందల యాభై ఆరు

కాశీనగర్‌లో కరెంటు పోయి వచ్చేలోపు
పెంటమ్మ మూడుసార్లు అడిగింది:
"ఏటైంది బాబూ నా పేరుకి?"

పెద్దగా ఏమీ కాలేదు. కొద్దిగా విరిగింది.
పింఛను జాబితాలో అరవై ఒకటో వరస.
మొదట ప, ఆ పక్కన ఒక ఖాళీ డబ్బా,
డబ్బా దాటాక మిగతా ఒళ్ళంతా క్షేమం, ఒడియాలో.
మూడు నెలలుగా బ్యాంకు ఆ డబ్బాలోకి తొంగిచూసి
ఈవిడెవరో తెలీదంటోంది.

పేరు విప్పి చూపించమన్నాను మిషన్‌ని.
నోటికి మూడే అక్షరాలు, పెం, ట, మ్మ.
విప్పితే తాడు తెగిన పూసల్లా ఏడు రాలాయి:

3114 3142 3074 3103 3118 3149 3118

చివరి మ్మ ఒక్కటే మూడు పూసలు మింగింది,
ఒక మ, ఇంకో మ, నడుమ
రెంటినీ ముడేసి తాను కనబడని పొల్లు.

ఇక్కడ బతకడానికి ఒక లెక్క తెలిస్తే చాలు.
తెలుగు క లోంచి రెండు వందల యాభై ఆరు తీసేస్తే
ఒడియా క.
గ కి గ, మ కి మ, పొల్లుకి పొల్లు.
ఎవరో ఎక్కడో కూర్చుని రెండు వాడలకీ
ఒకే వరసలో ఇంటి నంబర్లు వేశారు,
మధ్యలో తమిళానికి ఒక వీధి వదిలి.
మా త్రినాథ పాత్రో సెంటర్లో మిషన్ చేసేదంతా ఇదే:
విప్పు, తీసెయ్యి, మళ్ళీ గుచ్చు.
ఎండాకాలం వంశధార దాటడం కూడా ఇంత సులువు కాదు,
కుచ్చిళ్ళయినా ఎత్తిపట్టుకోవాలి.

అటు వాడలో పొట్టి ఎత్వానికి ఇల్లు లేదు.
3142 లోంచి తీసేస్తే 2886.
నంబరుంది, గోడల్లేవు.
ఆ ఖాళీ జాగాలోనే
ఈవిడ బియ్యం, బీపీ మాత్రలు ఇరుక్కున్నాయి.

"ముగ్గురు పోయాక పుట్టినాను.
పెంట మీద పొర్లించి, సేటలో ఏసి తెచ్చుకున్నారంట మా అమ్మోలు.
యముడు ముక్కు మూసుకుని ఎలిపోవాలని ఈ పేరు."
యముడి జాబితా తప్పించడానికి పెట్టిన పేరు
పింఛను జాబితానీ తప్పించేసింది.

ఇల్లు లేకపోతే పక్కింట్లో దింపు,
అని ఒక వాక్యం కలిపాను మిషన్‌కి.
3142 ఒకటి జరిగి 3143,
అక్కణ్ణించి నది దాటి 2887.
డబ్బా పోయింది.
"పేంటమ్మ" అని చదివాను.

"అలాగే పిలుస్తారు కదేటి!
కండక్టరు, రేషనోడు, మనవరాలి ఒడియా మేష్టరు.
యాభై ఏళ్ళు సాగదీసే పిలిసినారు, పలికినాను."
కాసేపాగి,
"మరి ఆ పొట్టిది ఏటి సేసినావు?"

జవాబు చెప్పలేదు.
2887కి మళ్ళీ కలిపి చూస్తే 3143 వస్తుంది,
ఎన్నిసార్లు కలిపినా అదే.
వెళ్ళేదారి గుర్తున్న లెక్కకి
వచ్చేదారిలో అమ్మ పిలుపు గుర్తుండదు.

రసీదు రొండిన దోపుకుని మెట్లు దిగిపోతోంది.
ఇరవై రూపాయల చిల్లర బల్ల మీదే ఉంది.
"పెంటమ్మత్తా!"
పొట్టిగానే అరిచాను.
సగం మెట్టు మీద ఆగి, తిరిగింది.

తర్వాతి మనిషి తెప్పల పొట్టెయ్య.
ఇంటిపేరుతో కలిపి మూడు డబ్బాలు.
కుర్చీ ముందుకి లాక్కున్నాను.