గ్రీమ్స్‌పేటలో రెండు కాలిపర్లు

గోనెపట్ట మీద పక్కపక్కన రెండు.
ఒకటి పూదుపేట తుక్కులో తూకానికి కొన్నది,
ఒకటి నా బండిదే, డెబ్బై ఆరుది.

గౌసన్న గ్రీజు గన్ను బిగించి నొక్కితే
ముక్కుతూ ముక్కుతూ బయటికొచ్చింది పిస్టను.
లోపల బ్రేకాయిలు, అడుగంటిన బెల్లం పాకంలా.

"పూదుపేటది నున్నగుండాది గానీ
గోరు పెట్టి చూడు, గుంట."
పెట్టినా. తగిలింది.

పాత సీలు తీసి నా అరచేతిలో ఏసినాడు.
"పిస్టన్ని ఎనక్కి లాగే స్ప్రింగేదీ లేదప్పా దీంట్లో.
లివరు వదిల్తే ఈ రబ్బరే
తన మెలిక తను ఇప్పుకుంటాది."

భాకరాపేట ఘాట్‌లో ఆ రాత్రి
లివరు గ్రిప్పుకి తగిలినా ఆగని బండి...
ఎవరికీ చెప్పలేదు నేను.

గౌసన్న అడగలేదు.
వంగిపోయిన ఫుట్‌రెస్టు వంక చూసి
కొత్త సీలుకి ఇంకోసారి ఆయిలు పూసినాడు.