నాలుగో ఎక్స్‌పోజర్

కొండెక్కే దారిలో హెడ్‌లైట్లు వెయ్యకూడదు.
పార్కింగ్ దీపాల మసక పసుపులో
ఎల్కీ లోయని కింద వదిలేసి వస్తాను.
సముద్రం మీంచి పాకివచ్చిన పొగమంచు
ఊళ్ళ దీపాలకి దుప్పటి కప్పితే
మా రాత్రి పనివాళ్ళకి అదే పండగ.

ఈ రాత్రి డాక్టర్ ఓయనెదెల్ అడిగింది ఒక్క గెలాక్సీనే.
పేరు లేదు, అంకెలున్నాయి.
తెర మీద గోరంత మరక.
ఒరగబెట్టిన పళ్ళెం, నడుమ ముసలి పసుపు,
చుట్టుకున్న రెండు చేతుల్నిండా లేత నీలం,
అడ్డంగా ఒక ధూళి చార,
కాటుక అంటిన వేలు పొరపాటున తగిలినట్టు.

తొమ్మిది కోట్ల ఏళ్ళ నాటి వెలుగు.
అది బయల్దేరేటప్పటికి
నా కాళ్ళ కింది కొండ ఇంకా కొండ కాలేదు.
దారిలో ఎవరూ ఎదురు రాలేదు కాబోలు.

పళ్ళెం పొడవునా చీలిక పెట్టి చూశాం.
హైడ్రోజన్ గీత ఒరిగింది:
మొత్తంగా మననుంచి పారిపోతూనే
ఒక కొస కొంచెం ఇటు, ఒక కొస ఇంకొంచెం అటు.
తిరుగుతోంది.
"అంచులు చూడు," అందామె. "నెమ్మదించాలి కదా?
లోపలివాటితో సమానంగా పరుగు,
సెకనుకి రెండొందల పది కిలోమీటర్లు.
ఆ వేగానికి ఎప్పుడో చెదిరిపోవాలి.
పట్టి ఉంచేదేదో ఉంది. కనపడదు."

నేను చదివింది ఎనిమిదో తరగతి.
నాకు కళ్ళం గుర్తొచ్చింది.

నాన్న హెర్మోహెనెస్ గోధుమ పనలు పరిచి
ఆడగుర్రాల్ని తోలేవాడు, పదకొండింటిని.
నడుమ రాట లేదు. మెడకి పలుపు లేదు.
పొట్టు లేచి, పొద్దు కుంగాక
గుర్రాలే సగం కనపడేవి కావు.
అంచున సెనీసా బూడిదరంగు తల
ఒక్కటే తేలుతూ పోయేది.
అయినా ఏదీ అవతలికి దూకలేదు.
కళ్ళం చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని
ఆడవాళ్ళు నిలబడి ఉండేవారు,
చీకట్లో, నల్ల శాలువాల్లో.
అమ్మ కూడా.
గిట్టలు దగ్గరయినప్పుడల్లా ఊపిరి బిగబట్టి.

చెప్పనా వద్దా అనుకుంటుండగా నేల ఊగింది.
చిన్నదే. కాఫీ కప్పులో వలయాలు.
మూడో ఎక్స్‌పోజర్‌లో చుక్కలన్నీ
ఉప్పు చల్లిన వానపాముల్లా మెలికలు.
"పాడైంది," అందామె.
గెలాక్సీకేం కాలేదు.

షట్టర్ మళ్ళీ తెరిచాను. నలభై నిమిషాలు.
ఆమె అంకెలు రాసుకుంటోంది.
నేను అంచు అవతలి నలుపుని చూస్తున్నాను,
ఏ శాలువా కొసైనా
కదులుతుందేమోనని.