అభ్యంతరం లేదు

కాగితం మీద మూడు ఖాళీలున్నాయి.
మొదటి దాంట్లో వాడి పేరు రాశాను:
కొర్రాయి ఢిల్లేసు, ఇరవై రెండేళ్లు, రైడర్.
రెండో దాంట్లో మా ఊరు, ఎర్రపుట్టుగ.
మూడో దాంట్లో పనసపుట్టుగ అని రాయడానికి
పొద్దుటినుంచి నా చేతికి తీరిక లేదు.
జాకెట్లున్నాయి, కాజాలున్నాయి,
స్కూలు యూనిఫారాలు నలభై జతలున్నాయి.

రెండూళ్ల మధ్య ఉన్నది ఒక గెడ్డ.
ఎండాకాలం మేకలు గిట్ట తడవకుండా దాటతాయి.
శివరాత్రి కబడ్డీ పోటీలప్పుడు మాత్రం
అది సముద్రమంత.

నేను టైలర్ని. సంఘానికి సెక్రటరీని కూడా,
రబ్బరు స్టాంపు పెట్టుకోడానికి
సొరుగున్నది నా ఒక్కడికే కాబట్టి.

నిన్న రాత్రి మిషను చుట్టూ కుర్రాళ్లు.
"సంతకం ఎట్టకు బావా,
ఏడాది కూకోబెట్టీ, రూలుంది కదా."
"మన ఇసకలో దొర్లి పెరిగినోడు
గీత దాటీసినాడు సూడు!"
గీత దాటడమే కదరా వాడి పని
అని నోటిదాకా వచ్చింది.
పెదాల మధ్య గుండుసూదులున్నాయి, ఊరుకున్నాను.

వాళ్లన్న భీమేసు ఆట నేను చూశాను.
వాడు కూత పడితే
జీడిగింజలు కాల్చే ఆడాళ్లు చెయ్యాపేవాళ్లు.
ఒక్క ఊపిరి మీద ముగ్గుర్ని ముట్టి వచ్చి
నవ్వేవాడు, నవ్వుకి కూడా ఊపిరి మిగిలేది.
ఏడో నంబరు నేనే కుట్టాను,
పసుపు గుడ్డ మీద ఎర్ర దారం.
ఇప్పుడు వాడికి ముప్పై నాలుగు.
వారానికి రెండుసార్లు సోంపేట,
నాలుగేసి గంటలు మంచం, గొట్టాలు.
నీళ్లు కొలిచి తాగాలి,
మజ్జిగతో కలిపి రోజుకి మూడు గ్లాసులు.
మా ఉద్దానంలో ఇది వింత కాదు.
సంఘం ఫొటోలో వెనక వరస
సగం ఇలాగే ఖాళీ అయింది.

పనసపుట్టుగ వాళ్లు డబ్బిచ్చారని కొందరు,
మోటారు సైకిలని కొందరు.
వాడు నాతో చెప్పింది ఇది:
"ఆల ప్రెసిడెంటుకి ఆటో ఉంది మావా.
మంగలారం ఒకపాలి, సుక్కరారం ఒకపాలి
అన్నని ఎక్కించుకెల్లి దింపుతానన్నాడు.
నాను ఆడినన్నాల్లూ."
ఆ చివరి మాట దగ్గర
కింద పడున్న దారం ముక్క తీసి
వేలికి చుట్టుకున్నాడు.

మనూళ్లో ఆటోల్లేవా అంటే,
ఉన్నాయి. మూడు.
ఒకటి నా తమ్ముడిదే.
అడిగాడా అంటే,
అడిగాడు, రెండుసార్లు.
డీజిలన్నాం, బాడుగన్నాం.
పోయినేడు కప్పు ఊరేగింపుకి
మూడు ఆటోలూ ఊరికే తిరిగాయి.

భీమేసుకి ఇష్టం లేదట.
పసుపు ఇప్పి పచ్చది తొడుగుతాడా ఆడు, అని
గోడవైపు తిరిగి పడుకున్నాడట.
మొన్న మంగళవారం హారన్ వినపడగానే
చెప్పులు వెతుక్కున్నాడట.
రెండూ వాళ్లమ్మే చెప్పింది,
జాకెట్టు గుడ్డ ఇస్తూ.

ఆకుపచ్చ బనీన్ల మీద నంబర్లు కూడా నేనే కుడతాను,
అవతల ఊళ్లో టైలరు లేడు.
పన్నెండు పంపారు, చీటీతో.
ఏడు అక్కడ ఇంకెవరికో ఉంది.
ఢిల్లేసుకి పదకొండు.
రెండు నిలువు గీతలు, కుట్టడం సులువే.
భుజాల దగ్గర కొంచెం వదులు చెయ్యాలి,
టేపు అక్కర్లేదు, ఆ ఒళ్లు నాకు తెలుసు.

శివరాత్రికి వాడు మా కోర్టులోకి కూతతో వస్తాడు.
ఎడమకాలు ముందేస్తాడని మా కుర్రాళ్లకి తెలుసు.
పట్టుకోండ్రా. గట్టిగానే పట్టుకోండి.
ఆ రోజు శుక్రవారం పడితే మాత్రం
ఆట పొద్దోయాక పెట్టండి,
ఆటో తిరిగొచ్చాక.

స్టాంపు ప్యాడు ఎండిపోయింది.
రెండు చుక్కలు నీళ్లు చిలకరించి గుద్దాను.
కొంచెం అలికినట్టు పడింది, చదవొచ్చు.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేశాను.
ఎత్తలేదు.
బాడుగకెళ్లుంటాడు.