కుర్చీలు

కొర్లగుంటలో రెండు సెంట్ల స్థలం.
పక్కింటి గోడకూ ఈ గోడకూ మధ్య
పిల్లి దూరేంత సందు.
చోటు చాలక భూషణం
కాలవ మీదికి నాలుగడుగుల బాల్కనీ అడిగాడు,
కింద స్తంభం లేకుండా.

గీసిచ్చాను.
అయిదంగుళాల మందం, పది ఎమ్మెం కమ్మి.
కమ్మి పైన ఉండాలి, అని
ఎర్ర పెన్నుతో రెండు గీతలు.

లోపలి గదుల స్లాబు వేరే రకం మనిషి.
రెండు దూలాల మధ్య పడుకుని
బరువెక్కితే పొట్ట దించుతుంది.
సాగేది పొట్ట గనక కమ్మి అడుగున.
దూలం దగ్గరికొచ్చేసరికి బుద్ధి తిరగబడుతుంది,
అక్కడ వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది.
అందుకే చెంగల్రాయులు
పావు వంతు దూరంలో కమ్మిని మోకాలులా వంచి
పైకెక్కిస్తాడు.
కాంక్రీటు ఎంత నలిపినా ఓర్చుకుంటుంది
లాగితే మాత్రం నిప్పట్టులా పుటుక్కుమంటుంది.
లాగుడంతా ఇనుము పాలు.

బాల్కనీకి పొట్ట లెక్క లేదు.
అంతా వీపే.

పై కమ్మి జారకుండా
కమ్మి ముక్కలు వంచి కుర్చీలు చెయ్యమన్నాను, ముప్ఫై.
"ఇనుముకు కుర్చీలేంది సార్, పెండ్లికొచ్చిందా?"
భూషణం నవ్వినాడు.
చెంగల్రాయులు పళ్ల మధ్య బైండింగు వైరు తియ్యకుండానే
"నువ్వు దాని మీద కూచోవాలంటే
ముందు దాన్ని కూచోబెట్టాల గదా సామీ" అన్నాడు.
ఆఖరికి పన్నెండే చేయించారు.

స్లాబు రోజు.
మిల్లరు రొద, సిమెంటు పొగ,
బాండ్లీలు చేతులు మారుతున్నాయి.
పద్దెనిమిది మంది కాళ్లు
ఆ కమ్మి మీదనే పోతున్నాయి, వస్తున్నాయి.
తొమ్మిదికి టేపు పెట్టి చూశాను.
రెండంగుళాలు దిగింది.
"ఆపండి" అన్నాను.
మిల్లరు ఆగలేదు.
"రెండంగుళాలే కదా సార్."

లెక్క చెప్పాను. లోతు సగమైతే బలం సగం,
మిగతా సగం నా కాగితంలోనే ఉండిపోతుంది అన్నాను.
భూషణం ఫోను చూసుకుంటున్నాడు.

అప్పుడు మునెమ్మ బాండ్లీ దించింది.
తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది.
"ఇది నెత్తిన పెడితే పొద్దుగూకేదాకా మోస్తా.
నువ్వు చెయ్యి చాపి పట్టుకో నాయనా, చూస్తాం."
పట్టుకున్నాడు. అందరం లెక్కపెట్టాం.
తొమ్మిది దగ్గర మొహం మారింది.
"యాడ లాగతా ఉండాది?"
భుజం పైన, అన్నాడు.
"కింద లేదు గదా?
ఆయప్ప పైన పెట్టమనేది కూడా అదే."

మిల్లరు ఆగింది.
నలభై నిమిషాలు. ఇంకో పద్దెనిమిది కుర్చీలు కోసి వంచి
కమ్మిని చంకల కింద చేతులేసి లేపినట్టు లేపారు.
డ్రమ్ములో గట్టిపడిన మాలు వీధి గుంతలో పోయించాను.
దాని డబ్బు నా ఫీజులో కోసుకోమన్నాను.
కోసుకున్నాడు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
ఏడేళ్ల కింద మంగళంలో ఒక సన్‌షేడు.
కమ్మి దిగిందని తెలుసు, పొద్దుపోయిందని ఊరుకున్నాను.
కర్రలు తీసిన మూడోనాడు కూలింది.
కింద ఇడ్లీ బండి మాత్రమే ఉండింది,
బండామె నీళ్లకు పోయింది.

ఇరవయ్యొక్క రోజులు
స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపాం.
కాకులు తాగాయి. కొండ తలకిందులుగా వచ్చి తడిసింది.
ఇంకో వారం ఆగి కర్రలు తీశాం.
గదుల్లో నడిమి నుంచి అంచులకి,
బాల్కనీకి అంచు నుంచి మొదటికి.
కట్టిన దారం ముందు అది
మూడు మిల్లీమీటర్లు వంగి నిలబడింది.
అంత వంగకపోతే నాకు నమ్మకం లేదు.

మునెమ్మ అప్పటికే రేణిగుంట రోడ్డులో
ఇంకో స్లాబుకు పోయింది.
నిన్న అటు పోతే బాల్కనీ కొసన
భూషణం ప్లాస్టిక్కు కుర్చీ వేసుకుని
కాళ్లు పిట్టగోడ మీద పెట్టి పేపరు చదువుతున్నాడు.
నన్ను చూసి చెయ్యెత్తాడు.
మిగులు మూడు వేలు
ఈ నెలాఖరుకు అన్నాడు.